వెనక షెడ్డు

జంతు సంరక్షణ కేంద్రానికి ఎవరు వెళ్లినా ముందు ఆవరణలో తోకలూపుతూ కుక్కలు ఎదురొస్తాయి. మూడు కాళ్ల మీదే పరుగెత్తేది ఒకటి, ఒక కన్ను పోయినా బంతిని వదలనిది ఒకటి, ఎవరు కూర్చుంటే వాళ్ల ఒళ్లో తల పెట్టేది మరొకటి. ఫొటోలు దిగేది అక్కడే, దత్తత కాగితాల మీద సంతకాలు పెట్టేదీ అక్కడే. ఆ ఆవరణ దాటాక ఒక తలుపు ఉంటుంది. గడప దగ్గర బ్లీచింగ్ నీళ్లు పోసిన వెడల్పాటి ట్రే, పక్కన రబ్బరు బూట్లు, మేకులకు వేలాడే గౌన్లు. సందర్శకులకు దారి అక్కడితో ఆఖరు. తలుపు అవతల షెడ్డులో లేవలేనివి, తినలేనివి, ఇంకో కుక్క పక్కన ఉంచకూడనివి ఉంటాయి. ఒక కేంద్రం ఎంత మంచిదో ఆ షెడ్డును చూస్తేనే తెలుస్తుంది.

అక్కడికి దారి ఫోన్‌తో మొదలవుతుంది. "మేడమ్, మా సందులో కుక్కకి పిచ్చి పట్టింది, నోట్లోంచి నురగ కారుతోంది, పిల్లలు తిరిగే చోటు, తొందరగా రండి" అన్న మాట తరచూ వినిపిస్తుంది. "రాత్రి ఏదో బండి గుద్దిందన్నా, వెనక కాళ్లు ఈడ్చుకుంటోంది" అని ఇంకొకరు. "మెడ మీద పెద్ద రంధ్రమండీ, లోపల పురుగులు కదులుతున్నాయి, వాసనకు దగ్గరికి పోలేకపోతున్నాం" అని మరొకరు. ఫోనెత్తినవాళ్లు ఎదురు ప్రశ్నలు వేస్తారు. నీళ్లు తాగుతోందా? కింది దవడ వేలాడుతోందా? ఎవరినైనా కరిచిందా? ఆ వీధిలో ఎన్నాళ్లుగా ఉంది? వల తీసుకెళ్లాలా, స్ట్రెచర్ తీసుకెళ్లాలా, ఎంత జాగ్రత్తగా పట్టుకోవాలి అన్నది ఆ జవాబుల్లోనే తేలిపోతుంది.

2019 పశుగణన ప్రకారం దేశంలో వీధికుక్కలు 1.53 కోట్లు. వాటికి జ్వరం వస్తే చెయ్యి వేసి చూసేవాళ్లుండరు. నొప్పి ఉన్నా కుక్క బయటపడదు. ఏ బండి కిందకో, ఏ కాలువ తూములోకో దూరి పడుకుంటుంది. వాసన వచ్చినప్పుడో, దారిలో పడిపోయినప్పుడో మన కంటపడుతుంది. అందుకే షెడ్డుకు చేరేసరికి రోగం బాగా ముదిరిపోయి ఉంటుంది.

నురగ చూసి జనం భయపడ్డ కుక్క

పిచ్చి పట్టిందని కబురొచ్చిన కుక్కల్లో కొన్నిటికి ఉన్నది డిస్టెంపర్. మనుషులకు తట్టు తెచ్చే వైరస్‌కు ఇది దగ్గరి బంధువు. మొదట కళ్ల నిండా పుసి, ముక్కు నుంచి చిక్కటి చీమిడి, దగ్గు, జ్వరం, తర్వాత విరేచనాలు. కొన్నిటికి అరికాళ్లు గట్టిపడి పగులుతాయి. అంతటితో తేరుకుందనుకున్న కుక్కకు కొన్ని వారాల తర్వాత, ఒక్కోసారి నెలల తర్వాత, జబ్బు మెదడులో బయటపడుతుంది. దవడలు ఏదో నములుతున్నట్టు టకటకా ఆడతాయి, నురగ కారుతుంది, ఫిట్స్ వస్తాయి. కాలో భుజమో నిద్రలో కూడా ఆగకుండా అదురుతూ ఉంటుంది. చూసిన జనం కర్రలు పట్టుకొస్తారు. ఆ కుక్కకేమో తానెక్కడుందో కూడా సరిగా తెలియని స్థితి.

ఈ వైరస్‌ను చంపే మందు ఇంతవరకూ లేదు. ఫిట్స్ ఆపడానికి మందు, ఊపిరితిత్తుల్లో చేరిన క్రిములకు యాంటీబయాటిక్, ఒంట్లో నీరు తగ్గకుండా సెలైన్ ఇస్తారు. ఆపైన తిండి. తల ఊగిపోతున్న కుక్కకు గిన్నె అందదు. అన్నంలో ఉడికించిన కోడిమాంసం మెత్తగా పిసికి, చిన్న ముద్దలు చేసి, తలను ఒక చేత్తో నిలబెట్టి, మింగిందని చూసుకున్నాకే తర్వాతి ముద్ద పెట్టాలి. తొందరపడితే మెతుకు ఊపిరిగొట్టంలోకి పోయి న్యుమోనియా వస్తుంది. ఇలాంటివి పది ఉంటే ఒక మనిషి పొద్దంతా వాటికి తినిపించడంతోనే సరిపోతుంది. ఎంతమంది చేతులుంటే అన్ని ప్రాణాలు అన్నది వెనక షెడ్డులో అక్షరాలా నిజం. బతికి బయటపడ్డవాటిలో కొన్నిటికి ఆ అదురు జీవితాంతం పోదు. అదురుతూనే తింటాయి, ఆడుకుంటాయి, ఎండలో పడుకుంటాయి.

కుక్కపిల్లల వార్డులో శత్రువు పార్వో. 1978లో గుర్తించిన ఈ వైరస్ రెండేళ్లలోనే ప్రపంచమంతా పాకింది. పేగు లోపలి పొర పునాది కణాలనూ, ఎముక మూలుగనూ ఒకేసారి దెబ్బకొడుతుంది. వాంతులు, నెత్తురు విరేచనాలు ఒకవైపు, పడిపోయే తెల్లకణాలు మరోవైపు. కిలోన్నర బరువున్న పిల్ల ఒక్క రాత్రిలో ఎండిపోతుంది, చర్మం పట్టి వదిలితే లేచినది లేచినట్టే ఉండిపోతుంది. దీనికీ సూటి మందు లేదు. ముంగాలి మీద వెంట్రుకలు గొరిగి, సన్నటి నరం వెతికి డ్రిప్ పెడతారు. వాంతులు ఆపే ఇంజెక్షన్, గ్లూకోజ్, పొటాషియం, గుడ్డలో చుట్టిన వేడినీళ్ల సీసాలు. ఆ మూడు నాలుగు రోజులు గట్టెక్కించగలిగితే పేగు తనంతట తానే కొత్త పొర వేసుకుంటుంది. రాత్రింబవళ్లు మనుషులుండే మంచి ఆసుపత్రిలో పదింటికి ఎనిమిది, తొమ్మిది బతుకుతాయి. చికిత్సే అందకపోతే చాలావరకు పోతాయి. రెంటికీ మధ్య తేడా తెచ్చేది చాలాసార్లు రాత్రి కాపలానే. రాత్రి ఎవరూ లేని చోట ఒంటిగంటకు డ్రిప్ ఊడిపోతే తెల్లారేదాకా ఎవరికీ తెలియదు.

గడప దగ్గర బ్లీచింగ్ ట్రే పార్వో కోసమే. మామూలు ఫినాయిల్‌కు ఇది లొంగదు. నీడలో, తడి మట్టిలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతికే ఉంటుంది. కాబట్టి శుభ్రం చేసేటప్పుడు ఆరోగ్యంగా ఉన్న పిల్లల గదితో మొదలుపెట్టి పార్వో గదితో ముగించాలి. పార్వో గదిలోకి వెళ్లిన మనిషి ఆ రోజు మళ్లీ పిల్లల గదిలో అడుగుపెట్టకూడదు. ఆ గది చీపురు, బకెట్, గిన్నెలు ఆ గదివే. మనుషులు చాలని కేంద్రంలో ముందు తప్పేది ఈ వరసే. తప్పిందని తెలిసేసరికి మొన్నటిదాకా గంతులేసిన ఆరు పిల్లలూ మూలన ముడుచుకుని ఉంటాయి.

చేతుల మీద జరిగే వైద్యం

చిన్న గాయం మీద ఈగ గుడ్లు పెడితే ఒక రోజులోపే పురుగులు పుడతాయి. కొన్ని జాతుల పురుగులు కుళ్లిన మాంసంతో ఆగవు, బతికున్న కండనూ తొలుచుకుంటూ లోపలికి పోతాయి. చెవి వెనక, మెడ మీద, తోక కింద, అంటే కుక్క నాలుక చేరని చోటో, తడిగా ఉండే చోటో ఇవి ఎక్కువ. చాలామంది జాలితోనే కిరోసిన్, పెట్రోలు, ఫినాయిల్ పోస్తారు. పురుగులతోపాటు కండా కాలిపోతుంది, నాకిన కుక్క విషం మింగుతుంది. గజ్జి పట్టిన కుక్కకు బండిలోంచి తీసిన పాత ఇంజనాయిల్ రాయడమూ అంతే ప్రమాదం. గజ్జికి ఇప్పుడు మంచి మందులున్నాయి. ఒళ్లంతా పొలుసులు కట్టి నడిచే రాయిలా ఉన్న కుక్కకు రెండు మూడు నెలల్లో వెంట్రుకలు వచ్చేస్తాయి.

షెడ్డులో పురుగుల పుండు శుభ్రం చేయడం చూస్తే గుండె చిక్కబట్టుకోవాలి. మత్తో, నొప్పి తగ్గించే మందో ఇచ్చి, వెంట్రుకలు గొరిగి, పట్టకారుతో ఒక్కొక్క పురుగునూ తీస్తారు. వందల్లో ఉంటాయి. లోతైన సందుల్లోకి మందు పంపి, ఊపిరాడక పైకొచ్చినవాటిని మళ్లీ తీస్తారు. ఒక్కటి మిగిలినా మర్నాడు మళ్లీ మొదటికొస్తుంది. తలలో సగం పురుగులు తినేసిన కుక్క కూడా నెల తిరిగేసరికి కొత్త కండతో, కొత్త చర్మంతో కనిపిస్తుంది. బయటి మనిషి నమ్మలేని బాగుపడటం ఇందులోనే ఎక్కువ.

గోమార్ల జ్వరం గుట్టుగా వస్తుంది. గోమారి కుట్టినప్పుడు ఎర్లిషియా అనే క్రిమి నెత్తురులో చేరుతుంది, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ముక్కు నుంచి నెత్తురు కారే కుక్క అంటే డాక్టర్లు ముందు దీన్నే అనుమానిస్తారు. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు పాలిపోయి ఉంటాయి. డాక్సీసైక్లిన్ మాత్ర నాలుగు వారాలు ఆపకుండా, తిండితోపాటు వేయాలి. వారానికే కుక్క లేచి తిరుగుతుంది కాబట్టి మాత్ర మానేయడమే పెద్ద చిక్కు.

వీధికుక్కల్లో ఎక్కువగా కనిపించే ఒక క్యాన్సర్ ఉంది. మర్మాంగాల దగ్గర కోడిజుట్టులా పెరిగి నెత్తురు కారే కంతి అది. సంభోగం ద్వారా క్యాన్సర్ కణాలే ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు పాకి అక్కడ పెరుగుతాయి. వేల ఏళ్ల కిందట ఎప్పుడో ఒక్క కుక్క ఒంట్లో పుట్టిన కణాల సంతానమే ఇవాళ ప్రపంచమంతా ఉన్న ఈ కంతి అని జన్యు పరిశోధకులు తేల్చారు. చూడటానికి ఇంత భయంకరమైన రోగానికి చికిత్స మాత్రం ఆశ్చర్యపోయేంత బాగా పనిచేస్తుంది. వారానికొక విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్, చాలావాటికి నాలుగు నుంచి ఆరు. కంతి కరిగిపోతుంది. ఆ మందు దొరికింది మన పెరళ్లలో పూసే బిళ్లగన్నేరు మొక్క నుంచే. మనుషుల లుకేమియాకు వాడేదీ అదే. నరంలోకి తిన్నగా పోకుండా పక్కకు కారితే అక్కడి కండ చచ్చిపోతుంది, అందుకే కుక్కను కదలకుండా పట్టుకునే మనిషికి డాక్టరంత ఓర్పు ఉండాలి.

ఇక బండి గుద్ది వెన్ను విరిగినవి. వెనక కాలి వేలిని గట్టిగా నొక్కితే కుక్క వెనక్కి తిరిగి చూస్తుందా లేదా అన్న చిన్న పరీక్ష మీద దాని భవిష్యత్తు చాలావరకు తేలిపోతుంది. లోపలి నొప్పి తెలిస్తే ఆశ ఉంది. తెలియకపోతే మూత్రం కూడా దానంతట అది పోసుకోలేదు. రోజుకు మూడు నాలుగుసార్లు పొత్తికడుపును రెండు చేతులతో మెల్లగా నొక్కి మూత్రం తీయాలి. ఒక్క పూట మరిచినా ఇన్‌ఫెక్షన్. పరుపు మీద వైపు మార్చి పడుకోబెట్టకపోతే తుంటి దగ్గర పుండు పడి ఎముక కనిపిస్తుంది. ఉదయ్‌పూర్‌లో 2002లో మొదలైన యానిమల్ ఎయిడ్ అన్‌లిమిటెడ్ ఇలా నడుము కింద చచ్చుబడ్డ కుక్కలకు విడిగా ఆవరణ పెట్టింది. చక్రాల బండి కట్టగానే ముందు కాళ్లతో దూసుకుపోయే కుక్కల వీడియోలు అందరూ చూస్తారు. ఆ బండి కట్టక ముందు, విప్పాక, వాటి కింద గుడ్డలు మార్చి ఒళ్లు కడిగిన చేతులు వీడియోలో పడవు.

తలుపు అవతల ఇంకో తలుపు

రేబిస్ అనుమానం ఉన్న కుక్కను వెనక షెడ్డులో కూడా ఉంచరు. దానికి విడి గది, బయటి నుంచే తిండి, నీళ్లు తోసే ఏర్పాటు. లక్షణాలు బయటపడ్డాక రేబిస్ నుంచి కుక్కనైనా మనిషినైనా కాపాడే చికిత్స లేదు. కరవడానికి ఎగబడే రకాన్ని అందరూ గుర్తుపడతారు. రెండో రకం గుట్టుగా ఉంటుంది. కుక్క మత్తుగా, మెతకగా ఉంటుంది, దవడ జారిపోతుంది, చొంగ కారుతుంది. గొంతులో ఎముక ఇరుక్కుందేమో అని దయగల మనిషి నోట్లో చెయ్యి పెడతాడు. ఫోనెత్తినవాళ్లు దవడ సంగతి అడిగేది ఇందుకే. డిస్టెంపరో రేబిసో పైకి చూసి కచ్చితంగా చెప్పలేని సందర్భాలుంటాయి. చనిపోయాక మెదడు నమూనా పరీక్షిస్తేనే నిర్ధారణ.

కాబట్టి షెడ్డులో పనిచేసే ప్రతి మనిషికీ, తుడిచే మనిషితో సహా, ముందస్తు రేబిస్ టీకాలు వేయించి ఉండాలి. ఇది యాజమాన్యం దయాదాక్షిణ్యాల మీద వదిలే విషయం కానే కాదు. కాటు పడితే పదిహేను నిమిషాలు సబ్బుతో ధారగా పోసే నీళ్ల కింద కడిగి వెంటనే ఆసుపత్రికి పోవాలి. కుక్కకాటు టీకాకు హైదరాబాద్ వాళ్లకు నారాయణగూడ ఐపీఎం పేరు తరాలుగా తెలిసిందే.

మందు ఆపాల్సిన గడియ గురించి మాట్లాడటం మనకు కష్టం. కొన్ని కేంద్రాల్లో నియమంగానే ప్రాణం తీసే ఇంజెక్షన్ ఇవ్వరు. ఆ నమ్మకాన్ని గౌరవిస్తూనే నా మాట చెబుతాను. ఫిట్స్ ఒకదాని వెనక ఒకటి ఆగకుండా వస్తూ, మందులకు లొంగక, నాలుక కొరుక్కుంటున్న కుక్కను అలా చూస్తూ ఉండటం దానికి చేసే మేలు అని నేను అనుకోలేను. చట్టం ఇక్కడ స్పష్టంగానే ఉంది. 2001 జంతు జనన నియంత్రణ నిబంధనలు, వాటి స్థానంలో వచ్చిన 2023 నిబంధనలు రెండూ నయంకాని రోగం, ప్రాణాంతక గాయం ఉన్న కుక్కకు నొప్పిలేని మరణాన్ని అనుమతిస్తాయి. అర్హత ఉన్న పశువైద్యులే చేయాలి, ఇంకో కుక్క కళ్లముందు చేయకూడదు, ప్రాణం పోయిందని నిర్ధారించుకోవాలి. బాగుపడే అవకాశం ఉన్నదాన్ని జాగా లేదనో డబ్బు లేదనో చంపడం ఎంత ఘోరమో, లేనిదాన్ని ఈడ్చడమూ అంతే క్రూరం. రెంటి మధ్య గీత గీసే భారం డాక్టరు మోస్తారు. ఆ కుక్కకు రోజూ ముద్దలు పెట్టిన మనిషి కూడా మోస్తారు.

డాక్టరు పూటకోసారి వస్తారు. మిగతా గంటలన్నీ కెన్నెల్ సహాయకులవే. "సార్, రెండో నంబరుది పొద్దున్నుంచి గోడవైపు తిరిగి పడుకుంది, నాకెందుకో బాగాలేదనిపిస్తోంది" అని ఒక అక్క చెబితే మంచి డాక్టరు ఆ మాట విని థర్మామీటరు తీస్తారు. వాళ్లకు జీతాలు తక్కువ, సెలవులు తక్కువ, చూసే చావులు ఎక్కువ. విరాళమిచ్చేవాళ్లు పంజరం మీదో అంబులెన్స్ మీదో పేరు రాయించుకుంటారు. రాత్రి డ్యూటీ మనిషి ఏడాది జీతం ఇస్తామని ముందుకొచ్చేవాళ్లు అరుదు. నన్నడిగితే అన్నిటికంటే ఎక్కువ ప్రాణాలు నిలిపే విరాళం అదే.

అన్నిటినీ షెల్టర్లో పెడితే?

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుణ్ని కుక్కలు కరిచి చంపాయి. ఆ దృశ్యం చూసిన ఏ తల్లికీ వీధికుక్కల మీద జాలి పడమని చెప్పే హక్కు ఎవరికీ లేదు. భయం నిజమైనది. 2025 ఆగస్టు 11న ఢిల్లీ పరిసరాల కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించి తిరిగి వదలొద్దని సుప్రీంకోర్టు ఆదేశించినప్పుడు చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించింది. రేబిస్ ఉన్నవీ, దాని అనుమానం ఉన్నవీ, దూకుడుగా ఉన్నవీ తప్ప మిగతావాటికి ఆపరేషన్, టీకా చేసి పట్టుకున్న చోటే వదలమంది. నవంబర్ 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల్లోని కుక్కలను షెల్టర్లకు పంపమని, మళ్లీ అక్కడ వదలొద్దని చెప్పింది.

వెనక షెడ్డును చూసినవాళ్లకు ఈ వాదంలో ఒక సంగతి వెంటనే తడుతుంది. డిస్టెంపర్ వైరస్ ఎండలో, ఫినాయిల్‌లో త్వరగా చచ్చిపోతుంది. అది బతికేది ఒక కుక్క తుమ్ముకు ఇంకో కుక్క అందినప్పుడే. పార్వోకు ఒక గది మట్టి చాలు. టీకాలు లేని వందల కుక్కలను ఒక్క కప్పు కింద చేర్చితే ఈ రెండు రోగాలకూ అంతకంటే అనువైన చోటు ఉండదు. చెన్నైలో 1959లో బ్లూక్రాస్ ఆఫ్ ఇండియా, హైదరాబాద్‌లో 1992లో అమల అక్కినేని మొదలుపెట్టిన బ్లూక్రాస్, విశాఖలో 1996 నుంచి పనిచేస్తున్న వీఎస్‌పీసీఏ వంటి సంస్థలు రోగం వచ్చినవాటిని చూసుకోవడంతోపాటు ఆపరేషన్లూ టీకాలూ చేస్తూ వచ్చింది ఊరికే కాదు. ఒక ప్రాంతంలో 70 శాతం కుక్కలకు రేబిస్ టీకా పడితే వాటి మధ్య వైరస్ పాకడం ఆగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. షెల్టర్ ఆసుపత్రిలా ఉన్నంతకాలం బాగుపడ్డ కుక్క వెళ్లిపోతుంది, దాని పంజరం ఇంకో రోగికి దక్కుతుంది. హాస్టల్‌గా మారిన రోజున రోగికి చోటుండదు, ఉన్నవాటికి రోగం తప్పదు. కోర్టు చెప్పిన ఆవరణల కుక్కల కోసం ప్రభుత్వాలు కొత్త షెల్టర్లు కట్టక తప్పదు. కట్టేటప్పుడు ముందుగా గీయాల్సింది ఐసొలేషన్ షెడ్డు, ముందుగా రాయాల్సింది రాత్రి డ్యూటీ మనుషుల జీతం.

వీధిలో ఉన్న మనకూ కొంత పని ఉంది. వానలు తగ్గాక, చలికాలంలో మన ఊళ్లలో కుక్కలు ఎక్కువగా ఈనుతాయి. చెత్తకుండీ వెనకో, కడుతున్న ఇంట్లోనో ఈనిన తల్లి కనిపిస్తే పిల్లలు కళ్లు తెరిచిన రోజు రాసి పెట్టుకోండి. పుట్టిన పది పద్నాలుగు రోజులకు కళ్లు తెరుస్తాయి, అక్కడి నుంచి నాలుగైదు వారాలకు డిస్టెంపర్, పార్వో మొదటి టీకా వేయించే వయసొస్తుంది. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం టీకా సరిగా పట్టదు, అది ఏ పిల్లకు ఎప్పుడు తగ్గుతుందో పైకి తెలియదు. అందుకే ఒక్క డోసుతో ఆపకుండా మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేయించాలి. రేబిస్ టీకా మూడు నెలల వయసులో. అప్పటిదాకా పిల్లలను తల్లి దగ్గరే ఉంచండి, అట్టపెట్టెలో పెట్టి షెల్టర్ గేటు ముందు వదలొద్దు. అన్ని డోసులకూ పిల్లలు దొరకడం కష్టమే, రెండు దొరికినా మేలే. తల్లికి ఆపరేషన్ కోసం ఆ పిల్లలు పాలు మానగానే మున్సిపాలిటీకో, దగ్గరి సంస్థకో ఫోన్ చేయండి. ఆలస్యమైతే కొన్ని నెలల్లో మళ్లీ ఈనుతుంది.